అయితే అతివృష్టి, లేకపోతే అనావృష్టి

రాజోలు దగ్గరి ఊరి నుంచి 38 ఏళ్ల గృహిణి రాశారు. ఇంట్లోనే బ్లౌజులు కుడతారు. కొడుకు పంచెల ఫంక్షన్‌కి భీమవరం ఆడపడుచు ముహూర్తం దాటాక, భోజనాల వేళకి వచ్చిందని ఏడు నెలలుగా మాటల్లేవు. ఈ మధ్య ఒకావిడ బ్లౌజు చంక దగ్గర పట్టేసిందని వెనక్కి తెస్తే మిషను మీద దుప్పటి కప్పేశారు. నిద్ర లేదు. "నీది అయితే అతివృష్టి, లేకపోతే అనావృష్టి అంటారు మా ఆయన. నాది తప్పా?" అని అడుగుతున్నారు.

అమ్మా, ముందు మీ ఆయన సంగతి. ఆయన అన్నది నిజమే గానీ, ఎగతాళిగా చెబితే నిజం కూడా ఎక్కదు. ఈ ముక్క ఆయనకి చదివి వినిపించండి.

మీకు కోపం రావడం తప్పని నేను అనను. మేనత్త లేకుండా ముహూర్తం గడిచిపోతే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. నన్ను ఆపిన విషయం వేరే ఉంది. ఆడపడుచు గురించి రాసినచోటా, బ్లౌజు గురించి రాసినచోటా ఒకటే మాట వాడారు, "ఇక అయిపోయింది" అని. ఒక్క ఆలస్యంతో ఆవిడ పరాయిదైపోయింది, ఒక్క బ్లౌజుతో మీరు చేతకానివారైపోయారు. ఎదుటివాళ్లని తూచే తక్కెడలోనే మిమ్మల్నీ తూచుకుంటున్నారు, అందులో రాళ్లు రెండే ఉన్నాయి, పూర్తిగా మంచి, లేకపోతే పూర్తిగా చెడ్డ.

1960లలో అమెరికాలో ఆరన్ బెక్ అనే మానసిక వైద్యుడు డిప్రెషన్‌తో వచ్చినవాళ్ల మాటలు వింటూ ఇలాంటి ఆలోచనల తీరు గమనించారు. ఆయన మొదలుపెట్టిన కాగ్నిటివ్ థెరపీలో, అంటే ఆలోచనల తీరుని పరీక్షించి మార్చుకునే చికిత్సలో, ఇప్పటికీ దీని మీద పని చేస్తారు. చిక్కేంటంటే ఇది గానుగెద్దులా తిరుగుతుంది. నాకు చేతకాదనుకుంటే మిషను ఆగుతుంది, మిషను ఆగితే నాలుగు డబ్బులూ, వచ్చిపోయే నలుగురూ ఆగుతారు, ఖాళీగా కూర్చుంటే దిగులు, దిగులుగా ఉన్నప్పుడు ఏ విషయమైనా అయితే అటు, లేకపోతే ఇటే కనిపిస్తుంది. రాత్రంతా బుర్ర తీర్పులిస్తూ కూర్చుంటే నిద్ర ఎక్కడినుంచి వస్తుంది?

మీరు గోదావరి ఒడ్డు మనిషి. ధవళేశ్వరం దగ్గర నీళ్లు 11.75 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటి హెచ్చరికకే అందరూ ఇళ్లు వదిలేసి పోరు కదా, గొడ్లని గట్టెక్కిస్తారు, సామాను సర్దుకుంటారు, కబురు కోసం చూస్తారు. మీరేమో ఆవిడ ఆలస్యంగా రాగానే తిన్నగా మూడోదానికి వెళ్లిపోయారు.

ఆవిడ చెప్పిన కారణం మీ ఉత్తరం చివర్లో ఒక్క ముక్కలో ఉంది, తెల్లవారుజామున రొయ్యల చెరువులో ఆక్సిజన్ పడిపోయిందని. అది సాకు కాకపోవచ్చండీ, ఆ వేళప్పుడు చెరువు నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్లు ఆగితే పంటంతా పోతుంది. ఒక ఫోన్ చేసి చెప్పకపోవడం మాత్రం ఆవిడ తప్పే. ఒకటి నిజమైతే రెండోది అబద్ధం కానక్కర్లేదు.

ఒక నోటుబుక్ పెట్టుకోండి. "ఎప్పుడూ ఇంతే", "అస్సలు", "ఇక అయిపోయింది" అనిపించినప్పుడల్లా సంగతి రాసి, పక్కన ఎన్ని అడుగులో వేయండి. మొదట్లో అన్నీ పదిహేడు దాటేస్తాయి, పర్లేదు, మర్నాడు పొద్దున్న చూసి దిద్దుకోండి. (చెయ్యి చేసుకునేవాళ్లూ, మోసం చేసేవాళ్లూ ఈ లెక్కలోకి రారు. అక్కడ గీత గీయాల్సిందే.) ఆ బ్లౌజుకి లోపల గుడ్డ వదిలే ఉంటారు, ఒక కుట్టు విప్పితే సరిపోతుందేమో, అది నాకంటే మీకే తెలుసు.

ఇంకో రెండు వారాలు నిద్ర ఇలాగే ఉంటే సైకియాట్రిస్టుకి చూపించుకోండి. బతకాలని లేదన్న ఆలోచన వస్తే మాత్రం ఆ క్షణమే ఇంట్లో చెప్పి 14416కి చేయండి. అది టెలీ మానస్, మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ, ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

ఆడపడుచుకి ఈ వారం ఫోన్ చేయండి. ఫంక్షన్ ఊసెత్తకుండా, చెరువు ఎలా ఉందని అడగండి. ఏమందో నాకు రాయండి.