ఇంటి సంగీతం మానకుండానే జాజ్ నేర్చుకో

చిరంజీవి చిట్టితల్లికి పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. అమెరికా సంగీతం జాజ్ మీద మనసు పోతోందని, నాన్నకు చెప్పాలంటే భయంగా ఉందని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదని రాశావు. నాన్న సంగతి తరవాత చెప్తాను. ముందు ఒక్క మాట: వయొలిన్ మీద మన కర్ణాటక సంగీత పాఠం మాత్రం మానకు. పొద్దున్న లేస్తూనే సరళీవరసలు వినబడే ఇంట్లో పెరిగావు. ఎవరైనా పాడుతుంటే గాంధారం ఎక్కడ జారిందో నీకు ఒకరు చెప్పక్కర్లేదు. జాజ్‌కి కావలసిన మొదటి పెట్టుబడి ఆ చెవే.

ఆ సంగీతంలో కూడా మనలాంటి ఇళ్లు చాలా ఉన్నాయి. సాక్సోఫోన్ వాయించిన లెస్టర్ యంగ్ చిన్నప్పుడు వాళ్ల నాన్న నడిపిన కుటుంబ బ్యాండులోనే ఊళ్లు తిరిగాడు. న్యూ ఆర్లీన్స్‌లో ఎల్లిస్ మార్సాలిస్ పియానో విద్వాంసుడు, గురువు. నలుగురు కొడుకులు ఆయన దారే పట్టారు. వాళ్లలో ట్రంపెట్ వాయించే వింటన్‌కి 1984లో పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలోనూ జాజ్‌లోనూ ఒకేసారి గ్రామీ అవార్డులు వచ్చాయి. ఒకటి పట్టుకోవాలంటే రెండోది వదలాలని ఎవరన్నా నమ్మకు.

ఇక వినడం. వంద పాటలు పైపైన వినొద్దు, ఒక్కదానితో కొన్ని నెలలు కూర్చో. నన్నడిగితే ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ 1959లో న్యూయార్క్‌లో రికార్డు చేసిన 'కైండ్ ఆఫ్ బ్లూ' ఆల్బమ్‌లో మొదటిది, 'సో వాట్'. బాస్ అడిగినట్టు వాయిస్తుంటే మొదట పియానో, తరవాత ట్రంపెట్, సాక్సోఫోన్లు రెండేసి దెబ్బలతో జవాబు చెప్తాయి. స్వరాలు వినగానే నువ్వు ఖరహరప్రియ అంటావు. నిజమే, మెట్లు అవే. కానీ అక్కడితో ఆగితే నువ్వు విన్నది మన రాగాన్నే, వాళ్ల సంగీతాన్ని కాదు. మనకు షడ్జం, అంటే ఆధారమైన 'స', కచేరీ అంతా కదలదు. వాళ్లకు అదే కదులుతుంది. ఎనిమిది అక్షరాలు ఒక ఆవర్తనమయ్యే ఆదితాళం లెక్కలో చెప్పాలంటే ఎనిమిది ఆవర్తనాలు రెండు శ్రుతిలో నడిచి, నాలుగు ఆవర్తనాలు దాని పై మెట్టైన రెండున్నర శ్రుతికి ఎక్కి, మళ్లీ నాలుగు రెండుకు దిగుతుంది. ఆ పదహారూ ఒక చుట్టు. సోలో వాయించేవాళ్లంతా ఆ చుట్టు మీదే కల్పన చేస్తారు.

దీన్ని వయొలిన్ మీద చేసి చూడు. తీగలు రెండుకే ఉంచి, కల్పనస్వరం మాత్రం నాలుగు ఆవర్తనాల పాటు రెండున్నరలో వెయ్యి. అక్కడ ఒక్క ఖాళీ తీగ కూడా నీకు పనికిరాదు. ఇన్నేళ్లూ అలవాటైన చోట్లన్నీ వదిలి వేళ్లు కొత్త దారి వెతుక్కోవాలి. మొదటి వారం చిరాకుగా ఉంటుంది. ఉండనీ. ఆ తరవాత మైల్స్ సోలో రెండు చుట్లూ నోటితో పాడు. పాడగలిగాకే కమాను పట్టు.

లయ దగ్గర, స్వింగ్ అనే జాజ్ ఊపు వినగానే, మనవాళ్లు తొందరపడి 'ఇది తిస్రమే, దెబ్బకు మూడు భాగాలే కదా' అంటారు. స్వింగ్ తిస్రానికి దగ్గరగా ఉంటుంది కానీ అచ్చంగా అది కాదు. వేగం పెరిగేకొద్దీ ఆ ఊపు సమానానికి దగ్గరవుతుంది. కాగితం మీద లెక్కకట్టి పట్టుకునేది కాదది. నేను మద్రాసు రికార్డింగ్ థియేటర్లలో వాయించిన రోజుల్లో ట్రంపెట్ వాయించే గోవా మిత్రుడొకడు విరామంలో నన్ను కూర్చోబెట్టి, నాలుగు దెబ్బల్లో రెండోదానికీ నాలుగోదానికీ మాత్రమే చప్పట్లు కొట్టించేవాడు. సమం మీద, అంటే మొదటి దెబ్బ మీద, పడే చెయ్యి అంత త్వరగా మాట వినదు. నువ్వూ అదే చెయ్యి, లెస్టర్ యంగ్ 1936లో వాయించిన 'లేడీ బీ గుడ్' పెట్టుకుని.

జాజ్‌కి మూలమైన బ్లూస్ దాటవేసి మాత్రం ముందుకు పోకు. ఇది అమెరికాలోని నల్లజాతివాళ్లు బానిసత్వం తరవాత కూడా తీరని కష్టంలోంచి తీసిన సంగీతం. అది తెలియకుండా స్వరాలు ఏరుకోవడం నాకు నచ్చదు. బెస్సీ స్మిత్ 1925లో పాడిన 'సెయింట్ లూయిస్ బ్లూస్' విను. పక్కన ట్రంపెట్ లాంటి కార్నెట్ వాయించింది లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్. ఆమె గాంధారం మన కింది గాంధారమైన సాధారణానికీ పై గాంధారమైన అంతరానికీ మధ్య ఎక్కడో నిలుస్తుంది. పియానో మీద ఆ చోటుకు మెట్టు లేదు. గమకం తెలిసిన నీ వేలికి అది అందుతుంది.

ఇప్పుడు నాన్న సంగతి. వాడితో వాదన పెట్టుకోకు. వాడికి ఆలాపన అంటే ప్రాణం. ఆర్మ్‌స్ట్రాంగ్ 1928 నాటి 'వెస్ట్ ఎండ్ బ్లూస్' ఆరంభం వినిపించు. తోడు వాద్యం లేకుండా ట్రంపెట్ ఒక్కటే పైకి ఎక్కి దిగుతుంది, కొన్ని క్షణాలే. పేరు చెప్పకుండా పెట్టు. వాడు ఏమీ అనకపోయినా మళ్లీ పెట్టమంటే చాలు.

వర్ణం కింద డ్రమ్స్ పెట్టి ఫ్యూజన్ చేద్దామని స్నేహితులు అంటున్నారని రాశావు. ఇప్పుడే వద్దు తల్లీ. మన పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ పక్కన 'రిమెంబర్ శక్తి' బృందంలో కూర్చునేనాటికి చిన్నప్పటినుంచీ నిండు కచేరీలు చేసినవాడు. అవతలివాళ్లది వినడానికి ఓపిక, ఇవ్వడానికి తనదంటూ సరుకు ఉన్నవాడు. నువ్వు ముందు పియానో వాయించే మనిషిని ఒకరిని వెతుక్కో. వాళ్లు సోలో వాయిస్తున్నప్పుడు వెనక ఎలా ఉండాలో నేర్చుకో. పక్కవాద్యంగా కూర్చున్నదానివి కనుక ఆ మర్యాద నీకు తెలుసు. కూర్చునే తీరు కూడా మార్చకు. నిలబడి వాయిస్తేనే జాజ్ అని ఎవరన్నా అంటే, మన వయొలిన్ విద్వాంసుడు ఎల్. సుబ్రహ్మణ్యం జాజ్ వయొలిన్ వాయించిన స్టెఫాన్ గ్రాపెల్లీతో కలిసి చేసిన రికార్డు వినమను.

'సో వాట్' చుట్టు ఒకటి నీ చేత్తో వాయించి ఫోన్‌లో రికార్డు చేసి పంపు. తప్పులు సరిచేసి పంపొద్దు, వచ్చింది వచ్చినట్టే పంపు. రెండున్నరకు ఎక్కేచోట ఏం చేశావో నేను వినాలి.

మీ పెదనాన్న