మూడు రెక్కల ప్రాప్స్ వేస్తే డ్రోన్ చప్పుడు తగ్గుతుందా?

నాలుగు మోటార్ల డ్రోన్: 450 ఫ్రేమ్ (ఎదురు మూలల మోటార్ల మధ్య 450 మిల్లీమీటర్లు), 920 కేవీ మోటార్లు (లోడ్ లేనప్పుడు వోల్టుకు నిమిషానికి 920 చుట్లు), 3ఎస్ (మూడు సెల్స్) బ్యాటరీ, 8 అంగుళాల ప్రాప్స్ (ప్రొపెల్లర్లు). రొద భరించలేకపోతున్నాను, మూడు రెక్కలవి వేస్తే తగ్గుతుందా, బ్యాటరీ ఎక్కువసేపు వస్తుందా అని ఒకరు అడిగారు. నా సెటప్ కూడా ఇదే. మూడు రెక్కల 8 అంగుళాలవి నేనూ కొని చూశాను. శ్రుతి కాస్త మారింది, రొద మాత్రం పోలేదు. రెండు రెక్కల 1045 (10 అంగుళాల వ్యాసం, 4.5 అంగుళాల పిచ్, అంటే ఒక చుట్టుకు లెక్క ప్రకారం ముందుకు పోయే దూరం) వేశాక తేడా తెలిసింది. డాబా మీద ఎగరేస్తే కింద గదిలో మా అమ్మకు నిద్ర చెడటం లేదు.

చప్పుడు ముఖ్యంగా రెక్క కొస వేగం మీద ఆధారపడుతుంది. డ్రోన్ 1.2 కిలోలు అనుకుంటే ఒక్కో మోటారు 300 గ్రాములు మోయాలి. అందుకు 10 అంగుళాల ప్రాప్ సుమారు 4,500 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) తిరిగితే సరిపోతుంది, కొస వేగం సెకనుకు 60 మీటర్లు. అదే తరహా 8 అంగుళాలది 7,000 దాకా తిరగాలి, అప్పుడు కొస వేగం 75 మీటర్లు. స్వరం కూడా మారుతుంది. సెకనుకు ఎన్ని చుట్లో దాన్ని రెక్కల సంఖ్యతో గుణించండి: పెద్దదానికి 150 హెర్ట్జ్, చిన్నదానికి 230 పైనే. స్వరం, దాని పై స్వరాలు ఎంత పైకి పోతే మన చెవికి అంత గుచ్చుకుంటాయి. మూడు రెక్కలు వేస్తే ఆర్‌పీఎం కొంత తగ్గుతుంది కానీ గుణకం రెండు నుంచి మూడు అవుతుంది కాబట్టి స్వరం ఇంకా పైకే పోతుంది. ఫ్రేమ్‌లో పెద్ద ప్రాప్‌కు చోటు లేనివాళ్లకు మాత్రం మూడు రెక్కలు పనికొస్తాయి.

బ్యాటరీ సంగతీ ఇంతే. ఎక్కువ గాలిని నెమ్మదిగా కిందికి తోయడం, కొంచెం గాలిని వేగంగా తోయడం కంటే చవక. అదే బరువుకు 8 అంగుళాలది గాలిని తోయడానికే పావు వంతు ఎక్కువ శక్తి తింటుంది. నాకు 12 నిమిషాలు వచ్చేది 15 అయింది.

అలాగని 12 అంగుళాలవి కొనకండి. ఈ ఫ్రేమ్‌లో పక్క పక్క మోటార్ల మధ్య దూరం 318 మిల్లీమీటర్లే, రెక్కల మధ్య 13 మిల్లీమీటర్లే మిగులుతుంది. మోటార్లు కూడా వేడెక్కుతాయి. 10తో ఆగండి. మార్చాక రెండు నిమిషాలు గాల్లో ఆపి ఉంచి, దింపి, మోటారు ముట్టుకుని చూడండి. చెయ్యి పెట్టలేనంత వేడి ఉంటే ఆ ప్రాప్ వద్దు.

రెక్క ఆకారం కూడా తేడా తెస్తుంది. 2017లో డ్రోన్ల కంపెనీ డీజేఐ తన మావిక్ ప్రో ప్లాటినమ్‌లో కొస మార్చిన ప్రాప్స్, కొత్త ఈఎస్‌సీలు (మోటారు వేగాన్ని నియంత్రించే సర్క్యూట్లు) కలిపి పెట్టి చప్పుడు 4 డెసిబెల్స్ దాకా తగ్గిందని, ఎగిరే సమయం 27 నుంచి 30 నిమిషాలకు పెరిగిందని చెప్పింది.

ఇంకొక్కటి, కొత్తవి కొనే ముందే చూడండి. ఇప్పుడున్న ప్రాప్స్ రెక్క ముందు అంచు మీద వేలు పోనివ్వండి. కంకర మీద దింపినప్పుడు పడిన చిన్న గాటు కూడా ఈల వేస్తుంది. నా పాత ప్రాప్స్‌లో రెండింటికి అలాంటి గాట్లున్నాయి, నెలల తరబడి మోటారు బేరింగే పోయిందనుకున్నాను. కొత్తవాటినీ బ్యాలెన్స్ చేసే బిగించండి. చిన్న టేప్ ముక్కను బరువున్న రెక్కకు కాదు, తేలికైన రెక్క వెనకవైపు అంటించండి.