కుక్కపిల్ల కాళ్లు వంగాయి... అమ్మినాయన మీద చీటింగ్ కేసు నిలుస్తుందా?

ప్రశ్న: నాలుగు నెలల కిందట తొమ్మిది వారాల హౌండ్ జాతి కుక్కపిల్లను కొన్నాం. కొన్నప్పుడు చక్కగా పరుగెత్తేది. పెద్ద జాతి, ఎముక గట్టిపడాలంటూ అమ్మినాయనే కాల్షియం పొడి డబ్బా ఇచ్చి, దాని వెల కూడా బిల్లులో కలిపారు. రోజూ రెండు పూటలా వేయమని వాట్సాప్‌లో మెసేజ్ పెట్టారు. కుక్కపిల్లల కోసం అమ్మే మేతతో పాటు ఆ పొడీ వేశాం. రెండు నెలలుగా దాని ముందు కాళ్లు మణికట్టు దగ్గర బయటికి వంగుతున్నాయి. నెలన్నర కిందట ఎక్స్‌రే తీసిన డాక్టర్ పొడి ఆపేసి, ఎముకల సర్జన్‌కు చూపించమన్నారు. పొడి ఆపాం, సర్జన్ దగ్గరికి ఇంకా వెళ్లలేదు. మా పిల్లలు దాన్ని చూసి రోజూ ఏడుస్తున్నారు. తెలిసిన వెటర్నరీ డాక్టర్ ఒకరు ‘పుట్టుకతో వచ్చిన లోపం’ అని పాత తేదీ వేసి సర్టిఫికెట్ ఇస్తామంటున్నారు. చీటింగ్ కేసు పెట్టవచ్చా?

జవాబు: మీరు రాసినదాంట్లో కేసును తేల్చే మాట ఒక్కటే: ‘కొన్నప్పుడు చక్కగా పరుగెత్తేది.’ దాంతో జబ్బు పిల్లను అంటగట్టారన్న వాదన నీరుగారిపోయింది. చీటింగ్ నిలవాలంటే, డబ్బు తీసుకునే నాటికే అమ్మినాయన మనసులో మోసం చేయాలన్న ఉద్దేశం ఉందని చూపించాలి. మీ దగ్గర దానికి ఏ ఆధారమూ లేదు. పోలీస్ స్టేషన్ చుట్టూ తిరగకండి.

మీ బలమంతా ఆ డబ్బాలో ఉంది. 1930 నాటి వస్తు విక్రయ చట్టం 16వ సెక్షన్ ప్రకారం, కొనేవాడు తన అవసరం ఏమిటో చెప్పి, అమ్మేవాడి అనుభవాన్ని నమ్మి కొంటే, ఆ సరుకు అమ్మడం అతని వ్యాపారంలో భాగమైతే, అది ఆ అవసరానికి పనికొచ్చేదై ఉండాలి. ఎదుగుతున్న పెద్ద జాతి పిల్లకు వేయమనే ఆయన దాన్ని ఇచ్చారు. బిల్లులో ఆ డబ్బా ఉంది కాబట్టి ఊరికే ఇచ్చానని తప్పించుకోలేరు. ఒక్క మెలిక ఉంది. ఫలానా బ్రాండే కావాలని మీరు అడిగి కొన్నట్టు తేలితే ఈ రక్షణ జారిపోతుంది. ఆయనే ఎంచి ఇచ్చారని చూపించేది ఆ వాట్సాప్ మెసేజే.

ఈ వాదనతో మీరు వెళ్లాల్సింది వినియోగదారుల కమిషన్‌కు. పొడికీ వంకరకూ సంబంధం ఏమిటని కమిషన్ అడుగుతుంది. పెద్ద జాతి పిల్ల చిన్నతనంలో, ముఖ్యంగా మొదటి ఆరు నెలల్లో, పేగులోకి వచ్చిన కాల్షియాన్ని చాలినంత తీసుకుని మిగతాది వదిలేయలేదు. ఎక్కువ వేస్తే ఎక్కువే ఒంట్లోకి పోతుంది. పెద్ద జాతి పిల్లల మేతలో కావలసినంత కాల్షియం ముందే కలిపి ఉంటుంది. దాని మీద పొడి చేరితే మృదులాస్థి సకాలంలో ఎముకగా మారదు. ముందు కాలిలో పక్కపక్కన ఉండే రెండు ఎముకల్లో అల్నా పొడవు చాలా వరకు కింది కొసన ఉన్న గ్రోత్ ప్లేట్ (ఎముక పొడవు పెరిగే మృదులాస్థి పొర) నుంచే వస్తుంది. అక్కడ ఎదుగుదల మందగిస్తే పక్కనున్న రేడియస్ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. పొట్టిగా మిగిలిన అల్నా వింటినారిలా లాగి పట్టడంతో రేడియస్ విల్లులా వంగి, పాదం బయటికి తిరుగుతుంది.

అయితే ఇలాంటి వంకర వేరే దారుల్లోనూ రావచ్చు. ఎత్తు మీంచి దూకినప్పుడు గ్రోత్ ప్లేట్‌కు దెబ్బ తగిలినా ఇంతే. జ్వరం, మణికట్టు పైన వాపు ఉండి, ఎక్స్‌రేలో గ్రోత్ ప్లేట్‌కు సమాంతరంగా మరో నల్లటి గీత కనిపిస్తే అది హైపర్‌ట్రోఫిక్ ఆస్టియోడిస్ట్రఫీ అనే, ఎదిగే పిల్లలకు వచ్చే ఎముకల జబ్బు కావచ్చు. దానికి ఇదీ కారణమని వైద్యశాస్త్రం ఇంకా తేల్చలేదు, కాబట్టి అప్పుడు పొడి మీద నెపం నిలవదు. ఏది నిజమో చెప్పాల్సింది ఎక్స్‌రే చదివే సర్జన్. మీరు కాదు, నేనూ కాదు.

అందుకే ఆ పాత తేదీ సర్టిఫికెట్‌ను ముట్టుకోకండి. దొంగ సర్టిఫికెట్ ఇవ్వడం, తెలిసి దాన్ని వాడడం రెండూ భారతీయ న్యాయ సంహిత కింద నేరాలే. అంతకన్నా ముందు అది మీ కేసునే చంపేస్తుంది. పుట్టుకతోనే వచ్చిందని మీరే కాగితం పెట్టాక, పొడి వల్ల వచ్చిందని ఏ నోటితో అడుగుతారు? ఆ తేదీన పిల్లను అసలు ఆ డాక్టర్‌కు చూపించారా అని క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఎదుటి లాయర్ అడిగే మొదటి ప్రశ్నకే చిక్కిపోతారు. మీ నిజమైన మెసేజ్‌నూ అప్పుడు ఎవరూ నమ్మరు.

ఇక మీ నిర్లక్ష్యం సంగతి. సర్జన్‌కు చూపించమన్నాక నెలన్నర ఊరుకున్నారు! ఫిర్యాదుకు చట్టం రెండేళ్లు ఇచ్చింది, ఎముక అంత కాలం ఆగదు. పెద్ద జాతుల్లో ఈ గ్రోత్ ప్లేట్లు ఏడాది లోపే మూసుకుపోతాయి. ఎదుగుదల మిగిలి ఉండగా అల్నాలో చిన్న ముక్క కోసి తీస్తే ఆ బిగువు వదిలి, కాలు తనంతట తాను కొంత సర్దుకునే అవకాశం ఉంది. ఎదుగుదల ఆగాక రేడియస్‌నే కోసి నిలబెట్టాలి, అది చాలా పెద్ద ఆపరేషన్. ఈ జాప్యాన్ని ఎదుటి లాయర్ వదలరు. నష్టం పెరగకుండా చూసుకోవలసిన బాధ్యత మీ మీదా ఉంది, ఆ మేరకు పరిహారం తగ్గించమంటారు. నొప్పితో నడిచే పిల్లను ఇన్నాళ్లు అలా ఉంచడం కేసు సంగతి పక్కన పెట్టినా తప్పే.

ఈ వారంలోనే సర్జన్‌కు చూపించండి. పాత ఎక్స్‌రే వెతికి పట్టుకెళ్లండి, కొత్తది రెండు కాళ్లకూ ముందు నుంచీ పక్క నుంచీ తీయించండి. ప్రతి ఫిల్మ్ మీదా తేదీతో పాటు కుక్క గుర్తింపు ఉండాలి. మైక్రోచిప్ ఉంటే ఆ నంబరే రాయించండి. లేకపోతే అది ఏ కుక్క కాలో ఎవరు చెప్పగలరు? మిగిలిన పొడితో సహా డబ్బాను కవర్‌లో పెట్టి సీల్ చేయండి, మేత సంచి కూడా పారేయకండి. డబ్బా మీద రాసిన మోతాదు కన్నా మీరు ఎక్కువ వేసి ఉంటే నాకు ఇప్పుడే చెప్పండి. వాట్సాప్ మెసేజ్ ఉన్న ఫోన్ మార్చకండి, చాట్ డిలీట్ చేయకండి. ఎలక్ట్రానిక్ రికార్డును సాక్ష్యంగా పెట్టడానికి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ అడిగే సర్టిఫికెట్‌ను దానికి జత చేద్దాం.

తర్వాత అమ్మినాయనకు లాయర్ నోటీసు, దానికి లొంగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక మీరు ఉండే జిల్లాలోనే వేయవచ్చు. ఆ చట్టం 69వ సెక్షన్ కింద గడువు రెండేళ్లు. జాగ్రత్త కోసం కొన్న తేదీ నుంచే లెక్కపెట్టుకోండి. నోటీసు పంపినంత మాత్రాన, రాజీ మాటలు నడిచినంత మాత్రాన ఆ గడువు ఆగదు. వైద్యం ఖర్చు, ఆపరేషన్ ఖర్చు, మనోవేదనకు పరిహారం అడగవచ్చు. పిల్లలను పుట్టించి అమ్ముకోవడానికి దీన్ని కొని ఉంటే మాత్రం వ్యాపారం కోసమన్న అభ్యంతరం వస్తుంది. అదీ దాచకుండా చెప్పండి.

సర్జన్ దగ్గరికి వెళ్లేటప్పుడు డబ్బా లేబుల్ ఫొటో చూపించండి. ఏ పొడి, రోజుకు ఎంత, ఎన్ని వారాలు వేశారో ఆయన చేతే కేస్ షీట్‌లో రాయించి, కాపీ తీసుకుని బయటికి రండి.