కనుమ సాయంత్రం తాంబాళం గురించి

బిడ్డా, పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న నువ్వు పంపిన ఫొటో చూశాను. పెద్ద చెక్క పలక మీద చీజ్ ముక్కలు, ద్రాక్షపళ్ళు, బిస్కెట్లు, గింజలు, ఎక్కడా పలక కనిపించకుండా సర్దారు. కనుమ సాయంత్రం మీ కొండాపూర్ ఫ్లాట్‌కు ఇరవై మంది వస్తున్నారు, మన పండగ చిరుతిళ్ళతో ఇలాంటిది చేద్దామనుకుంటున్నాను, ఎట్లా అని అడిగావు. చాలా మంచి ఆలోచన. సకినాలు, అరిసెలు ఊరికే డబ్బాల్లో ఉండిపోకుండా అందరి ముందుకు వస్తాయి. ఫోన్లో చెబితే సగం జారిపోతాయి, అందుకే కూర్చుని రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు మొహమాటం సంగతి చెప్పాలి. ఆ ఫొటోలో పద్ధతి ఎవరికి కావాల్సింది వాళ్ళు తీసుకునే పద్ధతి. మన ఇళ్ళలో వచ్చినవాళ్ళు కూర్చుంటారు, మనం ప్లేట్లో పెట్టి చేతికిస్తాం, వాళ్ళు చాలు చాలు అంటారు, మనం ఇంకొకటి వేస్తాం. అలా అలవాటైన వాళ్ళ ముందు నిండుగా సర్దిన తాంబాళం పెడితే ఎవరూ చెయ్యి పెట్టరు. మా చిన్నవాడి గృహప్రవేశం అయిన ఏడాది సంక్రాంతికి నేను పెద్ద ఇత్తడి తాంబాళంలో ముగ్గు వేసినట్టు అన్నీ గుండ్రంగా సర్దాను. అందరూ ఫొటోలు తీసుకున్నారు, ఎంత బాగుందో అన్నారు. దాన్ని చెదరగొట్టడానికి మాత్రం ఎవరికీ మనసు రాలేదు. నల్లగొండ నుంచి బస్సులో వచ్చిన మా అన్నయ్య చాయ్, ఒక బిస్కెట్ మాత్రమే తీసుకుని వెళ్ళిపోయాడు. పొద్దున తిన్న అన్నమే ఆయనకు అప్పటిదాకా ఆధారమని రాత్రి వదిన ఫోన్ చేస్తే తెలిసింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అప్పటి నుంచి తాంబాళంలో ఒక పక్క కావాలనే ఖాళీగా వదులుతాను. అందరూ చూస్తుండగానే అందులోంచి తీసి, వచ్చినవాళ్ళలో పెద్దవాళ్ళకు ముందు నేనే ప్లేట్లో పెట్టి ఇస్తాను. ఆ తర్వాత మిగతావాళ్ళు వాళ్ళంతట వాళ్ళే లేస్తారు. చిన్న ప్లేట్లు బల్ల మీద దొంతరగా పెట్టి ఊరుకోకు. మీ ఆయనను గుమ్మం దగ్గర నిలబెట్టి, చెప్పులు విప్పి లోపలికి వచ్చిన ప్రతి ఒక్కరి చేతికీ ఒకటి ఇప్పించు. చేతిలో ఖాళీ ప్లేటు ఉన్న మనిషి ఊరికే కూర్చోలేడు. ఇంకొకటి, ఏ గిన్నెలోనైనా చివరి అరిసె, చివరి లడ్డు ఎవరూ తీసుకోరు. మూడు నాలుగు మిగలగానే మళ్ళీ నింపు.

మొహమాటం తర్వాత ఎంగిలి. మా తరం వాళ్ళు పైకి అనరు కానీ, ఒకరు కొరికిన గారె ముక్క చట్నీలో ముంచడం చూస్తే ఆ గిన్నె వైపు మళ్ళీ చూడరు. ప్రతి గిన్నెకూ ఒక చెంచా, గారెలకూ బజ్జీలకూ పట్టుకారు ఉండాలి. చట్నీ ఎవరి ప్లేట్లో వాళ్ళు వేసుకునేటట్టు పెట్టు. పిల్లలు మేడ మీద పతంగులు ఎగరేసి, మాంజా పట్టుకున్న చేతులతో నేరుగా తాంబాళం మీద పడతారు. వాళ్ళకు దొన్నెల్లో విడిగా కొన్ని మురుకులు, రెండు నువ్వుల లడ్లు వేసి తలుపు దగ్గర ఉంచు, చేతులు కడిగినవాళ్ళకు కడిగినట్టు ఇవ్వచ్చు.

ఇక అసలు పని. కరకరలాడేవాటికి తేమ తగలకూడదు. ఫొటోలో ద్రాక్షపళ్ళ పక్కనే బిస్కెట్లు ఉన్నాయి, ఫొటో తీసేంతసేపు బాగానే ఉంటాయి. మన సకినం పక్కన కోసిన జామకాయ పెడితే అరగంటలో మెత్తబడుతుంది. అందుకే నేను ఒకటి కాదు, రెండు తాంబాళాలు పెడతాను. ఒకదాంట్లో పొడివి, అంటే సకినాలు, చెగోడీలు, మురుకులు, వేయించిన పల్లీలు, అరిసెలు, నువ్వుల లడ్లు. రెండోదాంట్లో తడివి, అంటే పండ్లు, గుడాలు (ఉడికించి తాలింపు పెట్టిన గింజలు), చట్నీలు, వేడివేడిగా వచ్చేవి. పొడి తాంబాళంలో కూడా తీపి ఒక పక్క, కారం ఒక పక్క. అరిసెకున్న నెయ్యికి మురుకుల పొడి అంటుకుంటే రెండూ చెడతాయి. వేడి గారెల మీద మూత పెట్టకు, ఆవిరి పట్టి పైపొర సాగుతుంది. ఒకేసారి నలభై గారెలు వేసి పెట్టుకోకుండా, వచ్చేవాళ్ళను చూసి వాయికి పది చొప్పున వేయి.

చెక్క పలక కొనకు. మీ అమ్మ పెళ్ళిలో పెట్టిన ఇత్తడి తాంబాళం ఉంది కదా, అది చాలు. ఇంకోటి కావాలంటే బేగంబజార్‌లో దొరుకుతుంది. ఒక్క జాగ్రత్త, కళాయి లేని ఇత్తడికి పులుపు తగలకూడదు, చిలుము దిగుతుంది. నిమ్మకాయ, చింతపండు చట్నీ, ఆవకాయ లాంటివి స్టీలు గిన్నెల్లోనో పింగాణీ గిన్నెల్లోనో పెట్టు. తాంబాళం మీద అరిటాకు పరిచి, దాన్ని పొడి గుడ్డతో బాగా తుడువు. మోదుగాకు విస్తరి దొరికితే ఇంకా మంచిది, దానికి తడి ఉండదు. నూనె పీలుస్తుందని న్యూస్‌పేపర్ మాత్రం వేయకు. ఆ సిరా తిండికి అంటుతుంది, తిండి భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ వాళ్ళు కూడా వద్దనే చెప్పారు.

ఏం చేయాలి, ఏం కొనాలి అనేది నీకున్న సెలవును బట్టి ఉంటుంది. అన్నీ ఇంట్లోనే చేయాలని టెన్షన్ పడకు. చెగోడీలు, మురుకులు మీ దగ్గర స్వగృహ షాపులో కొను, కానీ కొనేముందు ఒకటి నోట్లో వేసుకుని చూడు. పాత నూనె వాసన గొంతు దగ్గర తెలిసిపోతుంది. సకినాలు మాత్రం నువ్వే చెయ్యి. ఆ తాంబాళంలో మన ఇంటిదని చెప్పుకునేది అదొక్కటే చాలు.

సకినాలకు కిలో బియ్యం రాత్రి నానబెట్టు. పొద్దున నీళ్ళు వంపేసి, జల్లెడలో వేసి నీళ్ళు ఓడ్చి, తడి పూర్తిగా ఆరకముందే పట్టించు. తడి బియ్యం అన్ని గిర్నీల్లో పట్టరు, పండగ ముందు లైను కూడా ఉంటుంది, రెండు రోజుల ముందే అడిగి పెట్టుకో. షాపులో దొరికే పొడి బియ్యప్పిండితో చేస్తే రాళ్ళలా వస్తాయి, అది మాత్రం వద్దు. పిండి జల్లించి, పావుకిలో వరకు నువ్వులు, గుప్పెడు వాము, సరిపడా ఉప్పు వేసి నీళ్ళతో కలుపు. చేతిలో పట్టుకుని వేళ్ళతో తిప్పుతుంటే సన్నని తాడులా జారాలి. తెగుతుంటే కొంచెం నీళ్ళు చల్లు, చుట్లు ఒకదానిలో ఒకటి కలిసిపోతుంటే పిండి వెయ్యి. శుభ్రమైన పాత కాటన్ చీర పరిచి దాని మీద చుట్టు. ఇంట్లోకైతే మూడు నాలుగు చుట్లు తిప్పుతాం, తాంబాళంలోకి మాత్రం రెండు చుట్లవి చాలు. చిన్నవైతే విరగకుండా చేతికి వస్తాయి, పొడి కింద రాలదు, తినేవాళ్ళకు పెద్దది తీసుకున్నానే అన్న ఇబ్బంది ఉండదు. బట్ట తడి పీల్చుకుని అవి కొంచెం గట్టిపడ్డాక మెల్లగా లేపి, మధ్యస్థం మంట మీద నూనెలో కాల్చు. తెల్లగా, అంచులు లేత బంగారు రంగుకు రాగానే తీసెయ్యి. ఎర్రబడేదాకా ఉంచితే నువ్వులు మాడి చేదెక్కుతాయి. పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టు. గోరువెచ్చగా ఉన్నప్పుడు మూత బిగిస్తే పడ్డ కష్టమంతా పోతుంది. ఒక్కదానివే చేయకు, మీ పక్క ఫ్లాటు ఆవిడను కూడా పిలువు. చుట్టడం రాదంటే నేర్పించు, ఒక పూటలో చేతికి వస్తుంది.

సర్వపిండి గురించి కూడా చెబుతాను, ఎందుకంటే తాంబాళానికి అంత అనువైన వంట ఇంకొకటి నాకు తెలియదు. నానబెట్టిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కరివేపాకు, ఉల్లికాడలు, కారం వేసి బియ్యప్పిండి కలిపి, మందపాటి గిన్నెకు ఒత్తి, వేలితో చిల్లులు పెట్టి నూనె వేసి, మూత పెట్టి సన్న మంట మీద కాల్చడమే. మధ్యాహ్నం చేసి ఎనిమిది ముక్కలుగా కోస్తే సాయంత్రం దాకా చల్లారినా రుచి తగ్గదు. నువ్వు వచ్చినవాళ్ళతో కూర్చోవాలంటే ఇలాంటివి రెండు ఉండాలి. అన్నీ వేడిగా వేసేవే పెట్టుకుంటే సాయంత్రమంతా నీకు పొయ్యి దగ్గరే గడుస్తుంది.

బిస్కెట్ల కోసం ఒకరోజు మియాపూర్‌లో మెట్రో ఎక్కి గాంధీభవన్‌లో దిగు. మొజంజాహీ మార్కెట్ దగ్గరే. 1953 నుంచి అక్కడున్న కరాచీ బేకరీలో ఫ్రూట్ బిస్కెట్లు, ఉస్మానియా బిస్కెట్లు ఒక్కో డబ్బా తెచ్చుకో. మీ ఆఫీసులో పుణె వాళ్ళు, కోల్‌కతా వాళ్ళు ఉన్నారన్నావు కదా, హైదరాబాద్ వచ్చిన కొత్తలో వాళ్ళు ఇష్టపడేది అదే. పక్కనే సకినం పెడితే అది కూడా తీసుకుంటారు. అక్కడి నుంచి బేగంబజార్ నడిచే దూరం, బాదం, కిస్మిస్, అంజీర్ అక్కడే కొను.

పండ్లలో ఈ కాలపువే పెట్టు. జామ, దానిమ్మ, రేగుపళ్ళు, చెరకు ముక్కలు. జామకాయ వాళ్ళు వచ్చేముందు కోసి నిమ్మరసం రాస్తే నల్లబడదు. చెరకు, రేగుపళ్ళు పెట్టినచోట పిప్పి, గింజలు వేయడానికి ఒక ఖాళీ గిన్నె తప్పకుండా ఉంచు. లేకపోతే పెద్దమనుషులు కూడా వాటిని గుప్పిట్లో పట్టుకుని దిక్కులు చూస్తారు.

వచ్చేవాళ్ళలో పళ్ళు లేనివాళ్ళు, షుగర్ ఉన్నవాళ్ళు ఎవరో ముందే లెక్క వేసుకో. మీ మామగారికి సకినం నమలడం కష్టం. ఆయన కోసం బొబ్బెర (అలసంద) గుడాలు చెయ్యి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి తాలింపు పెడితే షుగర్ ఉన్నవాళ్ళూ తింటారు. నువ్వులు, పల్లీలు పడనివాళ్ళు కొందరు ఉంటారు, మన పండగ వంటల్లో ఆ రెండూ లేనివి తక్కువ. చిన్న చీటీల మీద వంట పేరు, అందులో ఏముందో రాసి గిన్నెల ముందు నిలబెట్టు. బయటి రాష్ట్రం వాళ్ళు ఇదేంటని అడగాల్సిన పని తప్పుతుంది. కనుమ కాబట్టి కీమా పెట్టి వేయించే లుఖ్మీలు, చికెన్ ఏదైనా పెడతానంటే పెట్టు, కానీ వేరే బల్ల మీద, వేరే పట్టుకారుతో. నూనె ఒకటే అయితే శాకాహారం వేయించడం పూర్తయ్యాకే అవి వెయ్యి. తిననివాళ్ళకు నువ్వే చెప్పు ఇది వేరేగా చేశానని, వాళ్ళు అడగలేరు.

ఇరవై మందికి, రాత్రి భోజనం కూడా ఉందంటున్నావు కాబట్టి, చిన్న సకినాలు యాభై, చెగోడీలు, మురుకులు అరకిలో చొప్పున, నువ్వుల లడ్లు ముప్ఫై, గారెలు నలభై, సర్వపిండి మూడు, అరిసెలు పదిహేను చాలు. అరిసెలను సగానికి కోసి పెట్టు. కొబ్బరి చట్నీ కొంచెం కొంచెంగా బయట పెడుతూ మిగతాది ఫ్రిజ్‌లో ఉంచు, రెండు గంటలు బయట ఉన్నది మళ్ళీ లోపల పెట్టకు. పెరుగు వడలు ఈసారికి వదిలెయ్యి.

ముందురోజు రాత్రే ఖాళీ గిన్నెలు తాంబాళంలో సర్ది, ఏ గిన్నెలో ఏది వస్తుందో చీటీ వేసి చూసుకో. అప్పుడే చోటు సరిపోతుందో లేదో తెలుస్తుంది. కనుమనాడు పొడివి అయిదు గంటలకు ముందు బయటికి తీయకు. తాంబాళం టీపాయ్ ఎత్తులో ఉంటే మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కూర్చున్నచోటి నుంచే అందుకుంటారు. గోడకు ఆనించకు, నాలుగు వైపుల నుంచి రానివ్వు. చాయ్ ఫ్లాస్కు మాత్రం పిల్లలకు అందనంత ఎత్తులో పెట్టు.

అరిసెలు నేను చేసి పెడతాను, బియ్యం ఎల్లుండి నానబెడుతున్నాను. రెండు రోజులాగితే అవి ఇంకా బాగుంటాయి కాబట్టి భోగి ముందురోజు నల్లకుంట వచ్చి తీసుకుపో. వచ్చేటప్పుడు నీ స్టీలు డబ్బా తెచ్చుకో, నా పట్టుకార్లు రెండూ, కాటన్ చీర మూట కట్టి పెడతాను.

నీ పెద్దమ్మ