ఆర్గ్యూ చేయడం అంటే తెలపడమే

సందేహం: కోర్టులో లాయరు చేసేదీ ఆర్గ్యుమెంటే, మా ఇంట్లో టీవీ రిమోట్ కోసం పిల్లలు చేసేదీ ఆర్గ్యుమెంటే. ఈ మాటకి అసలు అర్థం ఏమిటి? తెలుగులో రెండింటినీ 'వాదన' అనొచ్చా?

సమాధానం: రెండోదాన్ని వాదన అనకండి. అది వాదులాట, ఇంకా మామూలుగా చెప్పాలంటే మాటా మాటా అనుకోవడం. కారణాలు చూపించి ఒక విషయాన్ని నిలబెట్టేది వాదన, అందుకే పేపర్లో "ఇరుపక్షాల వాదనలు ముగిశాయి" అని వస్తుంది. "వాదులాటలు ముగిశాయి" అని వేస్తే జడ్జిగారు నొచ్చుకుంటారు. ఇక అమ్మ "నాతో ఆర్గ్యూ చేయకు" అంటే ఈ రెండూ కాదు, "ఎదురు చెప్పకు" అని.

అసలు అర్థం సంగతికొస్తే, లాటిన్‌లో 'అర్గుఎరె' అనే క్రియ ఉంది. స్పష్టం చేయడం, రుజువు చేయడం, నేరం మోపడం దాని అర్థాలు. 1300 ప్రాంతంలో ఫ్రెంచి మీదుగా ఇంగ్లిష్‌లోకి వచ్చింది. దీని వెనక ఉన్న మూలధాతువుకి తెల్లగా మెరవడం అని అర్థం. లాటిన్‌లో వెండిని 'అర్గెంటుమ్' అన్నదీ, కెమిస్ట్రీలో మనం వెండికి ఏజీ అని రాసేదీ, అర్జెంటీనాకి ఆ పేరు వచ్చిందీ అక్కడి నుంచే. సంస్కృతంలో రజతం, అర్జున కూడా ఆ కుటుంబానివే. అర్జున అంటే తెల్లనిది. విరాటపర్వంలో ఉత్తరుడికి తన పేర్లన్నీ విప్పి చెప్పేటప్పుడు, తెల్లని పనులు, అంటే మచ్చలేని పనులు, చేస్తాను కాబట్టి నన్ను అర్జునుడంటారు అని అతనే చెప్పుకుంటాడు. తెల్లమద్దిని అర్జున వృక్షం అంటారు, దాని బెరడు చూస్తే ఎందుకో తెలుస్తుంది. అయితే ఇది చదివి "ఇంగ్లిష్ ఆర్గ్యూ మన అర్జునుడి నుంచి పుట్టింది" అని వాట్సాప్‌లో పెట్టకండి. అవి తల్లీబిడ్డలు కావు, దాయాదులు.

నాకు ముచ్చటేసేది ఇంకోటి. లాటిన్‌తో ఏ చుట్టరికమూ లేని మన తెలుగు కూడా ఇదే దారిలో నడిచింది. తెలుపు అంటే రంగు, "మీ అభిప్రాయం తెలుపండి" అన్నప్పుడు అదే మాట క్రియ. తెల్లవారడం, తెలియడం, తేటతెల్లం చేయడం అన్నీ ఒక్క గూటివే. చీకట్లో ఉన్నదాన్ని తెల్లగా కనిపించేలా చేయడమే తెలపడం, లాటిన్ వాడు అర్గుఎరె అన్నదీ అదే.

మరి తెలపడం కాస్తా గొడవ ఎలా అయింది? మన తగవుని చూడండి. 'తగు' నుంచి వచ్చిన మాట, పాత తెలుగులో తగవు అంటే న్యాయం, తగినది. న్యాయం చెప్పే పెద్దమనిషి తగవరి. ఆయన దగ్గరికి వెళ్లేవాళ్లు ఊరికే వెళ్లరు కదా, కొట్టుకుని వెళతారు, అలా తీర్పు పేరు కాస్తా పోట్లాటకి అంటుకుంది. ఇప్పుడు "తగవు పడ్డారు" అంటే న్యాయం ఎవరికీ గుర్తుకురాదు. ఆర్గ్యూకి పట్టిన గతీ ఇదే. అన్నట్టు తగాదాకి తగవుతో సంబంధం లేదు, అది ఉర్దూ తకాజా, అప్పు తీర్చమని వెంటపడటం.

పిల్లలది వితండవాదం అనొచ్చా అని కూడా కొందరు అడుగుతుంటారు. న్యాయశాస్త్రంలో, అంటే కోర్టు చట్టం కాదు, మన పాత తర్కశాస్త్రంలో, నిజం తేల్చుకోవడానికి చేసేది వాదం, గెలవడానికి చేసేది జల్పం, తన పక్షమంటూ ఏదీ నిలబెట్టకుండా ఎదుటివాడిది కొట్టేయడం వితండ. మీ ఇంట్లో ఎవరి పక్షం ఏమిటో, ఎవరికి ఏ ఛానల్ కావాలో గట్టిగానే తెలుస్తూ ఉంటుంది కాబట్టి, వాళ్లది జల్పం.