సైనికులను పక్కన పెట్టి మళ్ళీ రాయి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది. భాష బాగుంది. అయితే ‘మన కణాల్లోని వీర సైనికులు శత్రువు డీఎన్‌ఏను చూడగానే పసిగట్టి మట్టుబెడతారు’ అన్న వాక్యం దగ్గర నాకు ఒళ్ళు మండింది. నువ్వు సైనికులన్నది నిజానికి కణంలో డీఎన్‌ఏను పసిగట్టే సీగ్యాస్ అనే ఎంజైమ్. దానికి శత్రువెవరో, మిత్రుడెవరో తెలియదు. అది డీఎన్‌ఏలోని అక్షరాల వరుసను చదవదు. రెండు పేటల డీఎన్‌ఏ తగినంత పొడవున దొరికితే చాలు, అది హెర్పిస్ వైరస్‌దైనా, దెబ్బతిన్న మైటోకాండ్రియా నుంచి బయటపడ్డ మన సొంతదైనా పట్టుకుంటుంది. డీఎన్‌ఏ కేంద్రకంలోనూ మైటోకాండ్రియాలోనూ ఉండాలి గాని, కేంద్రకం చుట్టూ ఉండే కణద్రవ్యంలో తిరగకూడదు. నీ వ్యాసం మొత్తంలో ‘ఎక్కడ’ అన్న ప్రశ్న ఒక్కసారైనా రాలేదు. విజ్ఞానం రాసేవారు అన్నిటికన్నా ముందు అడగవలసింది అదేనని నా పట్టుదల.

ఈ యుద్ధాల పిచ్చి నీతో మొదలైంది కాదు. ఒక వారపత్రిక సంపాదకుడు నా వ్యాసంలో ‘కణద్రవ్యం’ అన్న మాటను వచ్చిన ప్రతిచోటా ఎర్రసిరాతో కొట్టేసి, ‘పాఠకుడికి పోరాటం కావాలండీ’ అని పక్కన రాసి తిప్పి పంపారు. నేను మార్చలేదు, వారు వేయలేదు, ఆ నెల ఇంటద్దె ఆలస్యమైంది. నేటికీ ఆదివారం అనుబంధాల్లో తెల్ల రక్తకణాలు కత్తులు పట్టుకునే తిరుగుతున్నాయి.

జరిగేది చెబితే చాలదా? డీఎన్‌ఏ తగిలిన సీగ్యాస్ కణంలోని ఏటీపీ, జీటీపీ అనే చిన్న అణువులను కలిపి సీగ్యాంప్ అనే చిన్న వలయాకారపు అణువును తయారుచేస్తుంది. అది స్టింగ్ అనే ప్రొటీన్‌కు అతుక్కోగా, ఆ సంకేతం కేంద్రకానికి చేరి, వైరస్‌లను అడ్డుకునే ఇంటర్‌ఫెరాన్ ప్రొటీన్ల జన్యువులు పని మొదలుపెడతాయి. డాలస్‌లో జిజియాన్ చెన్ బృందం కణాల సారాన్ని ప్రొటీన్లు చెడిపోయేంతగా వేడిచేసినా సంకేతం చెడకపోవడం గమనించి, ఆ వార్తాహరి ప్రొటీన్ కాదని పట్టుకుంది. 2013లో వెలువడిన ఆ ప్రయోగంలో ఉన్న ఉత్కంఠ నీ సైనికుల్లో ఏదీ?

చివరి పేరాలో జన్యులోపం వల్ల వచ్చే ఐకార్డి-గూటియేర్ వ్యాధిని ఒక్క వాక్యంలో ముగించావు. దారి తప్పిన డీఎన్‌ఏను ఊడ్చివేసే ట్రెక్స్1 ఎంజైమ్ లోపిస్తే, ఏ వైరస్ లేకపోయినా వైరస్ సోకినట్టే ఇంటర్‌ఫెరాన్ పెరిగి పసిబిడ్డ మెదడు దెబ్బతింటుంది. శత్రువే లేని ఈ యుద్ధాన్ని ఆ తల్లికి ఎలా వివరిస్తావు? వ్యాసాన్ని అక్కడి నుంచి మొదలుపెట్టి తిరగరాయి. పారితోషికం సంగతి తర్వాత మాట్లాడుకుందాం.