ఎన్నారై సందేహాలు: ముందు ఎర్ర గీతలు చదవడం నేర్చుకోండి

"అక్కా, ఆటోకాడ్ నాకు బాగానే వచ్చు. ఉద్యోగంలో చేరి మూడు వారాలైనా ఒక్క డ్రాయింగూ మొదట్నుంచి గీయనివ్వలేదు. పీడీఎఫ్‌ల మీద ఏం మార్చాలో చూపిస్తూ ఇంజనీర్లు ఎర్ర గీతలు పెట్టి పంపుతారు, నేను దిద్దుతూ కూర్చుంటున్నాను. నా చదువంతా వృథా అవుతోందా?" అని అమెరికాకి కొత్తగా వచ్చిన ఒకమ్మాయి అడిగింది. ఏటా ఎవరో ఒకరు ఇదే అడుగుతుంటారు కాబట్టి అందరికీ కలిపి రాస్తున్నాను.

వృథా కాదమ్మా. ఇక్కడి డిజైన్ ఆఫీసుల్లో అసలు పని ఆ ఎర్ర గీతల్లోనే నడుస్తుంది. కంప్యూటర్లో డ్రాయింగులు గీసే ఆటోకాడ్ 1982 నుంచీ ఉంది, కమాండ్లు ఎవరైనా నేర్చుకోగలరు. ఇంజనీరు మనసులో ఏముందో ఆ నాలుగు గీతల్లోంచి పట్టుకుని, డ్రాయింగులోకి తప్పు లేకుండా ఎక్కించడం మాత్రం పనిలో పడితేనే వస్తుంది.

చేరిన రోజే రంగుల సంగతి అడిగి తెలుసుకోండి. చాలాచోట్ల ఎరుపు అంటే చేర్చు లేదా మార్చు, ఆకుపచ్చ అంటే తీసెయ్, నీలం అంటే గీసేవాళ్లకు చెప్పే మాట. నీలంలో ఉన్నది డ్రాయింగులోకి ఎక్కకూడదు. ఈ పద్ధతి ఆఫీసును బట్టి మారుతుంది. "ఇది ఆర్కిటెక్టుతో మాట్లాడు" అని నీలంలో రాసినదాన్ని నోటు అనుకుని షీటు మీద టైపు చేసినవాళ్లను చూశాను. వాళ్లకు తెలివి లేక కాదు, ముందుగా ఎవరూ చెప్పలేదు, అంతే.

పొట్టి మాటలు కూడా అంతే ముఖ్యం. "టిప్" (టిపికల్) అని ఒక్కచోట రాసి ఉంటే అది ఒక్క దిద్దుబాటు కాదు, అలాంటిది ఎక్కడెక్కడ ఉందో అన్నిచోట్లా దిద్దాలి. "యూఎన్ఓ" అంటే వేరేగా చెప్పనంతవరకు ఇదే లెక్క అని. "వీఐఎఫ్" అంటే సైట్లో కొలిచి చూసుకోవాలని.

దిద్దిన ప్రతి మార్కు మీదా పసుపు హైలైట్ వేయండి. పీడీఎఫ్‌ల మీద మార్కులు పెట్టే బ్లూబీమ్ సాఫ్ట్‌వేర్ వాడుతుంటే, ఆ మార్కుల జాబితాలో ఒక్కోదానికి స్టేటస్ పెట్టొచ్చు. దిద్దకుండా వదిలేసినదానికి కారణం పక్కనే రాయండి. అర్థం కానిదాన్ని మాత్రం ఊహించి దిద్దకండి. పెద్దవాళ్లను రెండోసారి అడగాలంటే మనకు మొహమాటం. నాకూ చాలాకాలం ఉండేది. కానీ ఇక్కడ అడిగితే ఎవరూ చిన్నచూపు చూడరు, అడగకుండా తప్పు గీస్తేనే బాధపడతారు.

ఇక కొలతల దగ్గర జాగ్రత్త. నేను చేరిన మొదటి ఏడాది ఒక పాత భవనం పీడీఎఫ్ చేతికొచ్చింది. 24కి 36 అంగుళాల షీటుని 11కి 17 కాగితంలో పట్టేలా కుదించి స్కాన్ చేశారు. షీటు మీద 1/4 అంగుళానికి 1 అడుగు అని స్కేలు రాసి ఉంది, అంటే కాగితం మీద 1/4 అంగుళం అసలు భవనంలో 1 అడుగు. కాగితం సగమైంది కదా, స్కేలూ సగమే అవుతుందనుకుని 1/8 పెట్టి కొలిచాను. 30 అడుగుల గోడ 27 అడుగుల 6 అంగుళాలు చూపించింది. 24లో సగం 12 కదా, 11 కాదు. 22కి 34 షీటయితేనే 11కి 17 సరిగ్గా సగం. ఆ కొలతలతో రెండు రోజులు గీసిన ప్లానంతా మళ్లీ గీశాను. చెక్ చేసిన సీనియర్ చేసిందల్లా డైమెన్షన్ (కొలత) రాసి ఉన్న గోడను ఒక్కదాన్ని కొలిచి చూడటమే.

అప్పట్నుంచి ఏ పీడీఎఫ్ తెరిచినా షీటు మీద రాసిన స్కేలుని నమ్మను. డైమెన్షన్ రాసి ఉన్న పొడవాటి గీతని చూసుకుని క్యాలిబ్రేట్ చేస్తాను, అంటే ఆ గీత పొడవు ఇంత అని చెప్పి పీడీఎఫ్ స్కేలుని సరిచేస్తాను. తర్వాత ఇంకో రెండు డైమెన్షన్లతో సరిచూస్తాను, అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి. స్కాన్ చేసినప్పుడు కాగితం ఒకవైపే సాగి ఉండొచ్చు. కొలత రాసి ఉన్నచోట మాత్రం మీరు కొలవొద్దు, రాసినదే తీసుకోండి.

మిల్లీమీటర్లలో చదువుకుని వచ్చినవాళ్లకు అడుగులు, అంగుళాలు కొన్నాళ్లు తికమక పెడతాయి. ఆటోకాడ్‌లో ఆర్కిటెక్చరల్ యూనిట్లు పెట్టి ఉంటే, 10 అని కొట్టినది 10 అంగుళాలే అవుతుంది. 10 అడుగుల ఆరున్నర అంగుళాలు కావాలంటే 10'6-1/2 అని కొట్టాలి, అడ్డగీత 6కీ 1/2కీ మధ్య వస్తుంది. సివిల్ సైట్ ప్లాన్లలో దశాంశ అడుగులు ఉంటాయి. అక్కడ 10.5 అంటే 10 అడుగుల 6 అంగుళాలు, 5 అంగుళాలు కాదు.

షీటు పంపే ముందు పాత పీడీఎఫ్‌నీ కొత్తదాన్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి చూడండి. బ్లూబీమ్‌లో ఓవర్‌లే అని ఉంటుంది, ఒక్కో పీడీఎఫ్‌ని ఒక్కో రంగులో చూపిస్తుంది. మారినచోట్ల ఆ రంగులు విడివిడిగా తేలతాయి. అలా తేలినచోట్లన్నీ ఎర్ర గీతలున్న చోట్లే కావాలి. ఎర్ర గీత లేనిచోట రంగు కనిపించిందంటే, మీకు తెలియకుండా ఏదో కదిలిందన్నమాట. ఏదో లేయర్ (గీతల పొర) ఫ్రీజ్ అయి కనిపించకుండా పోయిందో, ఎక్స్‌రెఫ్ (జోడించిన వేరే డ్రాయింగు ఫైలు) మారిందో, లాక్ చేయని వ్యూపోర్టు (షీటు మీద డ్రాయింగుని చూపించే కిటికీ) జరిగిందో చూసుకోండి. ఎర్ర గీత ఉన్నచోట రంగు కనిపించకపోతే మీరు దాన్ని దిద్దలేదు, అప్పటికే పసుపు వేసేసినా సరే. ఈ పనికి షీటుకి ఐదు నిమిషాలు పట్టొచ్చు. ఇది నన్ను కాపాడినన్ని సార్లు ఇంకే పద్ధతీ కాపాడలేదు.

గడువు ముంచుకొచ్చినప్పుడు, పీడీఎఫ్‌లోనే పాత నంబరు మీద తెల్ల పెట్టె కప్పి కొత్తది టైపు చేసి పంపేద్దామనిపిస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. అసలు ఆటోకాడ్ ఫైలైన డీడబ్ల్యూజీలో పాత నంబరు అలాగే ఉంటుంది, తర్వాతిసారి ప్లాట్ (ప్రింట్) చేయగానే అదే బయటికొస్తుంది. అప్పటికి సైట్లో ఎవరి చేతిలో ఏ కాగితం ఉందో చెప్పలేం. లైసెన్సున్న ఇంజనీరు సీలు వేసిన పీడీఎఫ్ జోలికైతే అసలు వెళ్లకూడదు. ఆ సీలుతో బాధ్యత వాళ్ల పేరు మీదికి వెళ్లిపోయింది, మార్పు ఏదైనా వాళ్ల ద్వారానే జరగాలి.

ఇవన్నీ త్వరగా ఎలా వస్తాయని ఆ అమ్మాయి మళ్లీ అడిగింది. ఆఫీసు సర్వర్‌లో పూర్తయిన ప్రాజెక్టు ఒకటి చూసుకోమన్నాను. ఎర్ర గీతలున్న పీడీఎఫ్ ఒకవైపు, దాని తర్వాత ఇష్యూ అయిన (ఆఫీసు బయటికి పంపిన) షీటు ఇంకోవైపు తెరిచి, ఏ గీత చివరికి ఏమైందో ఒక్కొక్కటే చదవమన్నాను. మీ ఇంజనీరు చేతిరాత కూడా అలాగే అలవాటవుతుంది.